ఈపురుపాలెం రంగునీళ్లు, మా ఈస్టు

ఉద్యోగం చివరి రోజుల్లో ఏం పని చేశారని ఎవరైనా అడిగితే, "ఈస్టుకి ఇనుము పట్టించానండి" అంటాను. అడిగినవాళ్లు నా మొహంలోకి ఓసారి చూసి, రిటైరయ్యాక కొందరికి ఇలాగే అవుతుంది కాబోలనుకుని, కాఫీ తాగుతారా అని మాట మారుస్తారు. తాగుతానంటాను. కానీ కాఫీ కలిపి తెచ్చేలోపు చెప్పగలిగే సంగతి కాదిది. అందుకే రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే తెల్లకోటు తొడుక్కుని ల్యాబుల్లోకి వెళ్తున్న పిల్లలు చదివితే నాకు మరీ సంతోషం.

నేను బాపట్లలో ఒక కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేదాన్ని. ఇల్లు తెనాలిలో. పొద్దున్నే రైలెక్కి బాపట్లలో దిగడం, సాయంత్రం అదే దారిన వెనక్కి రావడం. మా డిపార్ట్‌మెంటుకీ కెమిస్ట్రీవాళ్లకీ మధ్య ఒక గోడ, ఆ గోడకి ఒక తలుపు, తలుపు పక్కన డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం. ఆ యంత్రం దగ్గరే నాకూ కెమిస్ట్రీ సారుకీ చెడింది.

ఆయన సొంతూరు కొలకలూరు, కాపురం తెనాలిలోనే. వ్యవసాయం చేసుకునే ఇంట్లోంచి వచ్చి కెమిస్ట్రీ మేష్టారయ్యారు. నాకంటే పెద్దవారు. మాట కరుకు. ల్యాబులో ఆయన కడిగిన గాజుసామాను చూస్తే మాత్రం ఆ కరుకుతనమంతా మర్చిపోవాలనిపిస్తుంది, అంత శుభ్రం. ఒకరోజు ఆ యంత్రం మీద 'కెమిస్ట్రీకి మాత్రమే' అని కాగితం అంటించారు. మర్నాటికి దాని కింద 'నీళ్లు అందరివీ' అని నేను రాశాను. అంతే. అప్పట్నుంచీ మాటల్లేవు. ఇద్దరం తెనాలిలో ఒకే రైలెక్కేవాళ్లం. ఆయన ఎక్కిన పెట్టె చూసుకుని నేను ఇంకో పెట్టె ఎక్కేదాన్ని.

అలాంటి రోజుల్లో నా దగ్గర పరిశోధన చేయడానికి ఒక అమ్మాయి చేరింది. అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికే పెళ్లయి, రేపల్లెలో ఒక స్కూల్లో సైన్సు చెబుతూ, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి బాపట్ల వచ్చేది. తక్కువ మాట్లాడేది. ప్రయోగం చెడితే కళ్లనీళ్లు పెట్టుకోదు, బాగా వస్తే గంతులెయ్యదు. 'ఇంకోసారి చేస్తానండి' అనేది, రెండింటికీ అదే మాట.

ఆమె ఎంచుకున్న విషయమే ఈ ఈస్టు. బేకరీలో బన్నుల పిండి పొంగించే ఈస్టే, వేరే ఏదో కాదు. దాని కణాలు కంటికి కనపడవు. నీళ్లలో కలిపితే పల్చటి మజ్జిగలా ఉంటుంది. ఈస్టు కణం గోడకి ఒక మంచి గుణం ఉంది. నీళ్లలో రంగులుంటే వాటిని తన ఒంటికి పట్టించుకుంటుంది. బతికున్న ఈస్టే అక్కర్లేదు, చచ్చింది కూడా పట్టుకుంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. రంగు పట్టిన ఈస్టుని మళ్లీ నీళ్లలోంచి తీయడమెలా? గుడ్డలో వడగడితే గుడ్డ పూడుకుపోతుంది. అడుక్కి దిగేదాకా ఆగుదామంటే ఒక పట్టాన దిగదు.

దానికి ఉపాయం, ఈస్టుకి అయస్కాంతగుణం తెప్పించడం. ఇనుప ఆక్సైడుతో మహా సన్నటి నలుసులు చేస్తారు, నానో కణాలంటారు. గుమ్మడికాయ పక్కన ఆవగింజ ఎంతుంటుందో ఈస్టు కణం పక్కన ఆ నలుసు అంతుంటుంది. ఆ నలుసులు ఈస్టు గోడకి అంటుకుంటే, ఇక ఈస్టు మొత్తం అయస్కాంతం ఎటు చూపిస్తే అటు వస్తుంది. ఇలా చేయవచ్చని మాకంటే ముందు ఎక్కడెక్కడివాళ్లో చేసి చూపించారు. మేం కనిపెట్టిందేం లేదు. మా ల్యాబులో, మాకున్న సామానుతో అది అవుతుందా అన్నదే మా ప్రశ్న.

చాలాకాలం అవలేదు. ఈస్టు తెనాలి బేకరీ నుంచి నేనే తెచ్చేదాన్ని. ఇనుప నలుసులు ఆమె చేసేది. రెండూ కలిపి అయస్కాంతం పెడితే ఇనుము ఒక్కటే పరుగెత్తుకొచ్చేది, ఈస్టు ఎక్కడిదక్కడే. పెళ్లికొడుకుని దారిలో వదిలేసి మేళం ఒక్కటే విడిదికి వచ్చినట్టుండేది మా వ్యవహారం.

ఒకరోజు కెమిస్ట్రీ సార్ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశారు. నేను అక్కడే, ఆయనకి మూడడుగుల దూరంలో ఉన్నాను.

"అమ్మాయ్, ఇనుము అలా ముద్దలు కడితే ఈస్టుకెక్కడ పడుతుందని మీ మేడంకి చెప్పు" అన్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "మేడం, సార్ ఏమంటున్నారంటే..."

"వినపడిందమ్మా. మరేం చెయ్యాలో సార్నే చెప్పమను."

"రేపు చెబుతానని చెప్పు" అని ఆయన వెళ్లిపోయారు.

మర్నాడు ఆయన రైల్లో వాళ్లింటి పాత మైక్రోవేవ్ ఓవెన్ పట్టుకొచ్చారు. వాళ్లావిడ కొత్తది కొనుక్కున్నారట. అన్నభేది అనే ఇనుప లవణం కరిగించిన నీళ్లలో కాస్టిక్ సోడా కలిపి, ఆ ఓవెన్లో కాగనిచ్చి, వచ్చిన నల్లటి పొడిని కడిగి కడిగి మా ముందు పెట్టారు. కాటుకకంటే సన్నం. ఓవెన్ మీద 'ఇందులో తినేవి పెట్టరాదు' అని కాగితం కూడా అంటించారు. ఆయనకి కాగితాలంటించడం ఇష్టం.

ఆ పొడి కలిపిన ఈస్టు సీసా పక్కన పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం పెట్టింది ఆ అమ్మాయి. కాసేపు ఏం లేదు. తర్వాత, ఎండలో నీడ జరిగినట్టు, ఆ గోధుమరంగు మజ్జిగంతా మెల్లగా ఒక పక్కకి జరగడం మొదలుపెట్టింది. అవతలిపక్క నీళ్లు తేరుకున్నాయి. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే ఒక్కో ఈస్టు కణం ఒంటినిండా నల్లటి చుక్కలు.

"వస్తోంది మేడం" అంది మెల్లగా.

తలుపవతల నుంచి గొంతు వినపడింది. "వచ్చిందా లేదా అని మీ మేడంని అడుగమ్మాయ్."

"వచ్చిందని చెప్పమ్మా" అన్నాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

ఆ సంబరంలో డిగ్రీ పిల్లల క్లాసులో ఈ సంగతి చెప్పాను. ఈపురుపాలెం నుంచి వచ్చే ఒక విద్యార్థిని లేచి, "మా దొడ్లో రంగునీళ్లు కూడా తీస్తుందా మేడం?" అని అడిగింది. క్లాసంతా నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. క్లాసయ్యాక పిలిచి అడిగితే విషయం చెప్పింది.

వాళ్లమ్మ నూలుకి రంగులద్దుతుంది. చుట్టుపక్కల మగ్గాలకి నూలు ఆవిడ దగ్గరనుంచే వెళ్తుంది. నూలు ముంచే రంగు గాబుల్లో మిగిలిన నీళ్లు దొడ్లో గుంటలోకి వదిలేవాళ్లు. అక్కడంతా ఇసుక నేల. నీళ్లు పైన పోస్తే కిందకి దిగిపోతాయి. పక్కన ఒక పెద్దాయన ఆకుకూరల తోట. తోటలో తడులకి ఇసుకలో తవ్విన లోతులేని నీళ్లగుంట ఉంది, ఆ ప్రాంతంలో దొరువంటారు. ఆ ఏడు దొరువులో నీళ్లు లేత ఎరుపు తిరిగాయి. ఆ పెద్దాయన పంచాయితీ పెడితే ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నారు. రంగునీళ్లకి దారి చూడకపోతే వచ్చే నెల నుంచి గాబులు మూసెయ్యాల్సిందేనన్నారు.

"మూసేస్తే మా అమ్మ ఒక్కతే కాదు మేడం, మగ్గాలవాళ్లు కూడా ఆగిపోవాల్సిందే" అంది ఆ పిల్ల.

మేం వస్తామని చెప్పాను. రేపల్లె అమ్మాయి ఆ వారమంతా సెలవు పెట్టి ఈస్టు తయారుచేసింది. బయల్దేరే రోజు బాపట్ల స్టేషన్లో చూద్దును కదా, కెమిస్ట్రీ సార్ కూడా ఈపురుపాలెం పక్కనున్న చీరాలకి టికెట్టు తీసుకుంటున్నారు. "ఓవెన్ నాది కదా, పరువు పోకుండా చూసుకోవాలి" అన్నారు, నాతో కాదు, అమ్మాయితో.

ఆ దొడ్లోకి అడుగుపెట్టగానే తడినూలు వాసన. వెదురుగడల మీద చుట్టలు చుట్టిన నూలు చిలపలు ఆరేసున్నాయి, ఎరుపూ పసుపూ. రంగులద్దే ఆవిడకి యాభై దాటుంటాయి. మోచేతుల దాకా ఎరుపు, ఎంత కడిగినా పోనిది. పక్కతోట పెద్దాయన తుండు దులిపి భుజాన వేసుకుని, దొడ్డి సరిహద్దుకి అవతలే నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుందట. ఆర్నెల్లుగా పిలవడం లేదని కూతురు చెప్పింది. మాటలు మానేసినవాళ్లని చూడగానే గుర్తుపట్టే నేర్పు నాకూ సారుకీ బాగానే ఉంది.

పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఒక ప్లాస్టిక్ తొట్టిలో గాబు నీళ్లు పోశాం. చిక్కటి కుంకుమ నీళ్లలా ఉన్నాయి. అమ్మాయి ఈస్టు వేసి, కలిపి, కలిపి, తొట్టి చుట్టూ స్పీకర్ అయస్కాంతాలు ఆనించింది. ఈస్టు చక్కగా గోడల దగ్గరికి వచ్చింది. ల్యాబులో ఎలా వచ్చిందో అలాగే. కానీ నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఇంకాస్త ఈస్టు వేశాం. అదీ వచ్చింది. నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

ఈస్టు వచ్చింది, రంగు రాలేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన లేచి తొట్టిలోకి తొంగిచూశాడు. "బన్నురొట్టెలకి వాడేది తెచ్చి ఇక్కడ పోశారేంటండి" అన్నాడు. అందరూ నవ్వారు. తోట పెద్దాయన నవ్వలేదు. "చదువుకున్నోళ్లు ఏదో చేస్తారంటే ఆశపడ్డాను" అని వెనక్కి తిరిగాడు. నాకా మాట నవ్వులకంటే గట్టిగా తగిలింది.

అమ్మాయి తొట్టి దగ్గర నుంచి కదల్లేదు. "ఇంకోసారి చేస్తానండి" అంది. ఎప్పటి మాటే, కానీ ఈసారి తలెత్తకుండా అంది.

రంగులద్దే ఆవిడే దగ్గరికొచ్చింది. ఎర్రటి చేత్తో అమ్మాయి భుజం పట్టుకుంది. "మొదటిసారి రంగు సరిగ్గా పట్టకపోతే నూలు పారేస్తామా అమ్మా? మళ్లీ ముంచుతాం. నువ్వూ మళ్లీ రా" అంది. పెద్దమనుషుల వైపు తిరిగి, "వీళ్లు ఇంకోసారి వచ్చేదాకా ఆగండి. అప్పటికీ అవకపోతే గాబులు నేనే బోర్లిస్తాను" అంది.

ఆవిడకి మేం ఎవరం? కూతురికి పాఠం చెప్పే మనుషులం, అంతే. ఊరి ముందు మా మూలంగా ఆవిడకి నగుబాటయింది. కోప్పడాల్సిన చోట మాకు గడువు అడిగి పెట్టింది. నా సర్వీసులో సన్మానాలూ శాలువాలూ లేకపోలేదు. ఆ మాటంత బరువైనది ఏదీ నాకు గుర్తులేదు.

తిరుగు రైల్లో ముగ్గురం ఒకే పెట్టె ఎక్కాం. వేరే పెట్టె చూసుకోవాలన్న ధ్యాస ఆరోజు ఎవరికీ లేదు. సార్ కాళ్ల దగ్గర ఎర్రనీళ్ల క్యాన్ ఒకటి ఉంది, అక్కడనుంచి తెచ్చుకున్నది. రైలు చీరాల దాటిందో లేదో, ఆయన నావైపు తిరిగారు.

"మేడంగారూ, మీరు ల్యాబులో ఏ నీళ్లతో చేయించారు?"

అమ్మాయికి చెప్పమనకుండా సూటిగా నన్నే అడిగారు. ఏళ్ల తర్వాత.

"డిస్టిల్డ్ వాటర్లో రంగు కలిపి చేశామండి" అన్నాను.

"అదీ సంగతి. అక్కడ గాబులో రంగు నూలుకి పట్టాలని సోడా వేస్తారు, ఉప్పు వేస్తారు. సోడా ఉన్న నీళ్లలో మీ ఈస్టు ఆ రంగుని దగ్గరికి రానివ్వదు. నేను ముందే ఆలోచించాల్సింది. కెమిస్ట్రీ నాది కదా."

"ఆ గాబు నీళ్లు ముందే తెప్పించి చూడాల్సింది నేనండి. ఈస్టు నాది కదా."

"సరే, ఇద్దరం కలిసే మునిగాం. కలిసే తేలదాం" అన్నారు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం ఇద్దరం చూశాం.

తర్వాత రోజుల్లో మా రెండు ల్యాబుల మధ్య తలుపు మూసిన గుర్తులేదు. గాబు నీళ్లలో సోడా విరిగేదాకా బొట్టు బొట్టుగా యాసిడ్ వేసి, నీళ్లు పులుపు తిరిగాక ఈస్టు వేస్తే, అదే ఈస్టు అదే రంగుని ఆబగా పట్టుకుంది. మరీ పులుపెక్కితే ఇనుప నలుసులు కరిగిపోతున్నాయి, తక్కువైతే రంగు పట్టడం లేదు. రెంటికీ మధ్య సరైన చోటు దొరకడానికి ఆయన ఓపికే కారణం. ఎన్ని సీసాలు పారబోశామో! ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కోవడమంతా అంతకుముందే నా మీద ఖర్చుపెట్టేశారు కాబోలు.

రెండోసారి ఈపురుపాలెం వెళ్లినప్పుడు జనం ఎక్కువమందే వచ్చారు, మగ్గాలవాళ్లు కూడా. అదే తొట్టి, అవే ఎర్రనీళ్లు. సార్ యాసిడ్ వేసి, పులుపు ఎంతుందో చూపించే రంగుకాగితం ముంచి చూసుకున్నారు. అమ్మాయి ఈస్టు పోసి, తెడ్డుతో నెమ్మదిగా కలిపింది. కలుపుతూనే ఉంది. చివరికి అయస్కాంతాలు ఆనించి లేచి నిలబడింది.

ఈస్టు గోడల వైపు జరిగింది. ఈసారి ఎర్రగా జరిగింది. తొట్టి మధ్యలో ముందు లేత గులాబీ, తర్వాత అదీ పోయి, అడుగున అంటుకున్న ఇసుకరేణువులు కనపడ్డాయి.

ఎవరో ఈల వేశారు. రంగులద్దే ఆవిడ తొట్టి పక్కన కూలబడి, నీళ్లలో చెయ్యి ముంచి పైకెత్తి చూసుకుంది. పోయినసారి బన్నురొట్టెలన్న పెద్దమనిషి, "ఇంకేం, దారి దొరికింది. ఈ నీళ్లు ఇక గుంటలోకి వదులుకోవచ్చు. గాబులు మూసే పన్లేదు" అని తీర్పు కూడా చెప్పేశాడు. తోట పెద్దాయన సరిహద్దు దాటి ఇవతలికొచ్చి తొట్టిలోకి చూశాడు. "తేటగా ఉన్నాయి. నాకింకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

నేను సార్ వైపు చూశాను, ఆయన నావైపు చూశారు. ఇద్దరికీ తెలుసు, ఒక మాట మిగిలుంది. అంత సంబరం మధ్య దాన్ని ఎలా ఎత్తుకోవాలా అని నేను మాటలు కూర్చుకుంటున్నాను. అమ్మాయికి ఆ అవసరం లేకపోయింది.

"గుంటలోకి వదలకూడదండి" అంది.

జనమంతా ఆమె వైపు తిరిగారు.

"రంగే పోయిందండి. గాబులో వేసిన ఉప్పు పోలేదు. అది మా ఈస్టుకి అంటదు."

ఆమె రెండు గాజు గ్లాసులు తీసింది. ఒకదాంట్లో దొడ్డి చేతిపంపు నీళ్లు, ఇంకోదాంట్లో తొట్టిలోని తేటనీళ్లు పట్టింది. సార్ సంచిలోంచి చిన్న మందుసీసా అడిగి తీసుకుని రెండిట్లోనూ చుక్కలేసింది. ఉప్పు ఉంటే తెల్లబడే మందది. చేతిపంపు నీళ్లు పల్చగా మసకబారాయి. తొట్టినీళ్లు పాలు విరిగినట్టు తెల్లటి ముద్దలు కట్టాయి.

"చూశారుగా. మాది రేపల్లె అవతలండి" అంది తోట పెద్దాయనతో. "మా నాన్నకి రెండెకరాల మాగాణి ఉండేది. పక్కన రొయ్యల చెరువులు తవ్వారు. ఆ నీళ్లు తేటగానే ఉండేవి బాబాయ్‌గారూ. అద్దంలా ఉండేవి. అందుకే ఎవరం పట్టించుకోలేదు. మూడో ఏడుకి నేల మీద తెల్లగా పొర కట్టింది. ఇప్పుడక్కడ గడ్డి కూడా మొలవదు. రంగునీళ్లయితే కనీసం కనపడతాయండి. ఇవి కనపడవు."

ఆమె నా దగ్గర అన్నేళ్లు పనిచేసింది. ఈ సంగతి నాకు చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

మగ్గాలవాళ్లలో గొణుగుడు మొదలైంది. ఒకతను కోపంగానే, "అయిన పనిని చెడగొట్టావు కదమ్మా" అన్నాడు. నిజమే. ఆ మాట చెప్పకపోతే ఆరోజు గాబులు బతికేవి, మా ప్రయోగం గెలిచినట్టయ్యేది, ఆమె థీసిస్‌కి ఊరంతటి సాక్ష్యం దొరికేది. రంగులద్దే ఆవిడ మొహం పాలిపోయింది. అయినా ఆవిడ అమ్మాయిని ఒక్కమాట అనలేదు. లేచి, ఎర్రచేతులు కొంగుకి తుడుచుకుని, "మా బాబాయ్ నేల పాడవుతుందంటే నేనొద్దనే అంటాను. గాబులు మూసేస్తాను" అంది.

బాబాయ్! ఆర్నెల్లు దాటాక ఆ పిలుపు. పెద్దాయన తుండు తీసి మొహం తుడుచుకున్నాడు, చెమట కాకపోయినా.

"ఆగవే. మూసేదానికేం తొందర" అన్నాడు. తర్వాత అమ్మాయిని అడిగాడు. "ఈ నీళ్లు నేలలోకి ఇంకకుండా ఎండలో పెడితే ఏమవుద్దమ్మా?"

"నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుందండి. కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే నేలలోకి దిగదు."

"అంతేగా. చినగంజాం వైపు ఉప్పుమడులు చూడలేదా ఏంటి మనం?" అని పెద్దమనుషుల వైపు తిరిగాడు. "నా తోట చివర చౌడు ముక్క ఉంది. మా నాన్న నాటి నుంచీ అందులో ఏదీ పండలేదు. అక్కడ మడి కట్టి పట్టా పరుచుకోండి. రంగు తీసిన నీళ్లు అందులో ఎండబెట్టుకోండి. చౌడుకి ఇంకా చెడేదేముంది?"

"నువ్వే కదయ్యా మూసెయ్యమని పంచాయితీ పెట్టింది?" అన్నాడు పెద్దమనిషి ఆశ్చర్యంగా.

"పెట్టాను. అప్పుడు నా నేల గురించి నేనొక్కణ్నే మాట్లాడుతున్నాననుకున్నాను. ఈ పిల్ల తన పని చెడిపోతుందని తెలిసీ నా నేల గురించి మాట్లాడింది. ఇంక నేను మూసెయ్యమంటే బాగుంటుందా?"

ఆ మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో మాకందరికీ భోజనం. పెద్దాయన తోటలో తోటకూర కోసుకొచ్చి ఇచ్చాడు. తిన్న రుచి ఏమిటని అడిగితే చెప్పలేను. కెమిస్ట్రీ సార్ మారు వడ్డించుకోవడం మాత్రం గుర్తుంది, ఆయన బయట పచ్చి మంచినీళ్లు కూడా తాగని మనిషి.

మడి కట్టారు. దళసరి పట్టా పరిచారు. రంగుపట్టిన ఈస్టుని విడిగా ఎండబెట్టి పోగుచేయడం, అయస్కాంతాలు తుప్పు పట్టడం, వానాకాలంలో మడి నిండిపోవడం, ఒకటి తీరితే ఇంకో తలనొప్పి. మడిలో మిగిలిన ఉప్పు కొంత మళ్లీ రంగు గాబుల్లోకే పనికొచ్చింది. కొన్నాళ్లకి చుట్టుపక్కల రంగులవాళ్లంతా కలిసి అంతకంటే పెద్ద ఏర్పాటు ఏదో చేసుకున్నారు. మా ఈస్టు ఇప్పుడక్కడ ఎవరూ వాడటం లేదు. దానికి నాకేం బాధ లేదు. దారి దొరికేదాకా గాబులు ఆగకుండా అది నిలబెట్టింది. ఒక చిన్న ప్రాణి చేత అంతకంటే ఏం చేయించుకుంటాం?

కెమిస్ట్రీ సార్ నాకంటే ముందే రిటైరయ్యారు. ఇప్పుడు రోజూ పొద్దున ఫోన్ చేసి పేపర్లో వచ్చిన సైన్సు వార్తల్లో తప్పులు చెబుతారు. మాటల్లేని రోజులే నయమనిపిస్తుంది అప్పుడప్పుడు. ఒకరోజు ఫోన్ రాకపోతే మాత్రం నేనే చేస్తాను.

పిల్లలూ, పరిశోధన గురించి మీకు చాలామంది చాలా చెబుతారు. నాకు తెలిసింది తక్కువ. ఓడిపోయినప్పుడు మళ్లీ రమ్మనే మనిషి, మాటలు లేకపోయినా ఓవెన్ మోసుకొచ్చే మనిషి, అందరూ చప్పట్లు కొడుతుంటే ఆగండి అనగలిగే మనిషి, ఈ ముగ్గురూ ఒకే పనిలో తారసపడటం నా అదృష్టం. అది నా తెలివి వల్ల జరిగింది కాదు. అందుకే ఇన్నేళ్లయినా ఆ కృతజ్ఞత తీరలేదు.

అమ్మాయి వైవా రోజు సంగతి చెప్పి ఆపేస్తాను. పరీక్షించడానికి బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ పెద్ద పేరున్నాయన. థీసిస్ చివరి అధ్యాయం దగ్గర ఆగారు. అందులో ఆమె రాసింది, తమ పద్ధతి రంగుని తీస్తుందే గానీ ఉప్పుని తీయదని, ఒక్క ఈ పద్ధతినే నమ్ముకుని నీళ్లు బయటికి వదలకూడదని.

"ఇది మీ పనిని మీరే తక్కువ చేసుకోవడం కదమ్మా? మీ విషయం ఈస్టు, అయస్కాంతం, రంగు. ఉప్పు మీ పరిధిలోకే రాదు. ఈ పేజీ లేకపోయినా మీకు డిగ్రీ వస్తుంది. ఎందుకు రాశారు?" అని అడిగారు.

వెనకవరసలో నా పక్కన కూర్చున్న సార్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇది చదివి ఇంకెవరైనా వాళ్లూళ్లో చేస్తారేమోనండి" అంది. "అక్కడా పక్కన ఎవరిదో ఒకరిది చేను ఉంటుంది కదండి."

ఆయన థీసిస్ మూసి, లేచి నిలబడి ఆమెకి నమస్కారం చేశారు.